పెరుగక్క పక్కన మగమనిషి

పుప్పాలగూడ దాటి గోలకొండ వైపు పోయే బండ్లబాట పక్కన, తుమ్మచెట్ల మధ్య, నా రొమ్ము ఎత్తున ఒక రాయి ఉండేది. దాన్ని మేము పెరుగక్క అనేవాళ్లం. ఇప్పుడు ఆ చోట ఏముందో నాకు సరిగ్గా తెలియదు. గుట్టలన్నీ పేల్చి చదును చేసి అద్దాల మేడలు కట్టారని మా పక్కింటావిడ చెప్పింది. ఆమెకు ఆ వైపు ఒక అపార్టుమెంటు ఉంది. అక్కడ బాట పక్కన చెయ్యెత్తిన ఆడమనిషి రాయి ఏమైనా చూశావా అని అడిగితే నవ్వింది. అడిగినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై దాటాక. పట్నంలో ఒక బడిలో ఆయాగా చేస్తూ, పిల్లలు ఇంటికి పోయాక వాళ్లు వదిలేసిన పలకల మీద దిద్దుకున్నాను. అందుకని నా రాతలో పెద్ద మాటలు ఉండవు. ఎక్కడైనా కనబడితే అవి ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చినవని అనుకోండి.

నైజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు. నాకు పద్దెనిమిదో పందొమ్మిదో. ఆ ఏడు గత్తర వచ్చింది. వాంతులూ భేదులూ పట్టుకుంటే మనిషి రెండు పూటలు కూడా ఆగడు. మా ఆయన పొద్దున పొలం నుంచి కడుపు పట్టుకుని వచ్చాడు, మర్నాటి పొద్దుటికి లేడు. మియాపూర్ వైపు ఉన్న తల్లిగారింటికి కబురు చేస్తే, కబురు తీసుకుపోయిన మనిషి వాళ్ల కబురు మోసుకొచ్చాడు. అమ్మా నాన్నా ఇద్దరూ అదే వారం పోయారు. మా వాళ్లలో మారుమనువు లేకపోలేదు. అయితే దానికి ఎవరో ఒకరు పూనుకోవాలి కదా. నా తరఫున పూనుకునేవాళ్లంతా మట్టిలో ఉన్నారు.

ఇంట్లో మిగిలింది ఇద్దరు విధవలం, నాలుగు బర్రెలు. మా అత్త నాకంటే పదిహేనేళ్ల ముందే బొట్టు చెరుపుకుంది. ఆమెకు మాట్లాడాలనిపిస్తే బర్రెతో మాట్లాడేది. నాకు ఏదైనా చెప్పాల్సి వచ్చినా బర్రెకే చెప్పేది. "ఏం జేస్తవే, నీకు గడ్డేసెటోళ్లు ఇంకా పండుకునే ఉన్నరు" అని అది నా చెవిన పడేట్టు అనేది. నేను లేచి గడ్డి వేసేదాన్ని. కొడుకు గురించి నా ముందు ఏడవలేదు. నేనూ ఆమె ముందు ఏడవలేదు. ఆ ఇంట్లో ఏడవడానికి కూడా ఒకరు ముందు మొదలుపెట్టాలి, ఎవరూ మొదలుపెట్టలేదు.

బర్రెల పెరుగు పట్నంలో అమ్మే పని నాది. మా ఊరి నుంచి ఏడుగురు ఆడవాళ్లం రోజూ తెల్లవారకముందే కుండలు నెత్తిన పెట్టుకుని బయలుదేరేవాళ్లం. గోలకొండ దాటి కార్వాన్ గల్లీల దాకా నడక. వాళ్లు ఆరుగురూ కలిసి నడిచేవాళ్లు. నేను ఇరవై అడుగులు వెనక. ఎవరూ నన్ను తిట్టి వెనక్కి పంపలేదు. పొద్దున్నే బేరానికి పోయేవాళ్లకు నా మొఖం ఎదురుపడకూడదని నేనే తగ్గి నడిచాను. వాళ్లు కూడా అదే మంచిదన్నట్టు వెనక్కి తిరిగేవాళ్లు కాదు. వాళ్ల నవ్వులు వినబడేవి, ఎందుకు నవ్వారో వినబడేది కాదు. కార్వాన్‌లో పర్దాల వెనక నుంచి గిన్నె చాపే బీబీలకు మాత్రం నా చేతికి గాజులున్నాయో లేవో పట్టలేదు. పెరుగు పుల్లగా ఉందా లేదా అని అడిగేవాళ్లు, అంతే.

పెరుగక్క దగ్గర మాత్రం వేరే పద్ధతి ఉండేది. ఎన్నో ఏళ్లుగా సున్నం, ఎర్రమట్టి జాజు, నూనె, పెరుగు పూసి పూసి ఆ రాయి మందంగా, నున్నగా తయారైంది. ఒక ఆడమనిషి ఆకారం, పైకి లేపిన ఒక చెయ్యి, ఆ చేతికి మోచేతి దాకా గాజుల గీతలు, ఇవే తెలిసేవి. తల పైభాగం విరిగిపోయి చదునుగా ఉండేది. మా ఆడవాళ్లకు దాని కథ బాగా తెలుసు. వెనకటికి ఒకామె పెరుగు కుండ ఎత్తుకుని కోటకు పోతూ కాలు నొచ్చి వెనకబడిందట. ముందుపోయినవాళ్లు ఆమె కోసం ఆగలేదట. ఆగండి ఆగండి అంటూ నిలబడినది నిలబడినట్టే రాయి అయిందట. కుండ ఎప్పుడో పడి పగిలిపోయింది, పట్టుకున్న చెయ్యి మాత్రం అలాగే ఉంది. మా గుంపులో పెద్దామె ఒకతి ఉండేది, అందరికంటే ఎక్కువ నడిచినది. రోజూ ఆ రాయిని వేళాకోళం చేసేది.

"చెయ్యి దించవే అక్కా, కుండ ఎన్నడో వాయె."

ఆ కథ వల్లనే ఆ పద్ధతి వచ్చింది. ప్రతి ఆడమనిషీ తన కుండలోంచి వేలికొసతో పెరుగు తీసి పెరుగక్క నోటికి రాయాలి. ఏడుగురూ రాసేదాకా ఒక్కరు కూడా అక్కడి నుంచి కదలకూడదు. ఒకరిని వదిలి కదిలితే ఆ రోజు పెరుగు విరిగిపోతుందని నమ్మకం. అందుకని వాళ్లు ఆరుగురూ నా కోసం నిలబడేవాళ్లు. నేను ఆ ఇరవై అడుగులూ నడిచి వచ్చి, కుండ దించి, వేలు ముంచి, రాయి నోటికి రాసేదాకా చూసేవాళ్లు. "జర జల్దీ రావే" అని ఒకరు కసిరేవాళ్లు కూడా. ఆ కసురు నాకు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను. రోజు మొత్తంలో నా కోసం మనుషులు ఆగే చోటు అదొక్కటే.

తిరిగి వచ్చేటప్పుడు వాళ్లు తొందరగా పోయేవాళ్లు, ఇంట్లో పిల్లలు, మొగుళ్లు ఉంటారు. నాకు తొందర లేదు. ఖాళీ కుండ రాయి తల మీద పెట్టి, నెత్తి మీది చుట్టబట్ట విప్పి మొఖం తుడుచుకుని, దాని పక్కన కూర్చునేదాన్ని. ఆ విరిగిన తల మీద కుండ చక్కగా కుదురుకునేది. ఎవరూ లేరు కదా అని దానితో మాట్లాడేదాన్ని. అత్త బర్రెకు చెబితే లేంది నేను రాయికి చెబితే తప్పేంటి. నువ్వూ వెనకబడిన దానివే, నేనూ వెనకబడిన దాన్నే అనేదాన్ని. అలా అనుకుంటే మనసు తేలికయ్యేది.

యూనియన్ మిలిటరీ వచ్చి, గడబిడలు కాస్త చల్లారిన తరువాతి చలికాలం అది. ఒక మధ్యాహ్నం నేను రాయి పక్కన కూర్చుని ఉండగా సైకిల్ మీద ఒక మనిషి వచ్చి ఆగాడు. షేర్వాణీ, తోలు సంచి, సైకిల్‌కు కట్టిన కాగితాల చుట్ట. బాటల పక్కన ఉన్న పాత రాళ్లను చూసి రాసుకుపోయే సర్కారు మనిషినని చెప్పాడు. అలాంటి ఉద్యోగం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కరణం ఇంటికి పోతున్నానని, దారిలో ఈ రాయి కనబడిందని అన్నాడు.

"ఈ రాయి సంగతి మీకేమన్నా ఎర్కనా అమ్మా?" అని అడిగాడు.

అమ్మా అన్నాడు, మీకు అన్నాడు. అలా పిలిచి నన్ను ఒక మాట అడిగినవాళ్లు రెండేళ్లలో లేరు. నేను నోరు తెరిస్తే ఇక ఆగలేదు. పెరుగక్క ఎట్లా వెనకబడిందీ, ఎట్లా రాయి అయిందీ, మేము ఎందుకు ఆగుతామూ, అంతా చెప్పాను. అడగనివి కూడా చెప్పాను. కుండ ఎంత పెద్దదో కూడా చెప్పాను, అది నేను అప్పటికప్పుడు కల్పించినది. అతను శ్రద్ధగా విని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నా మాట కాగితం మీదికి పోవడం నాకు గొప్పగా అనిపించింది. తరువాత వేలి గోరుతో రాయి మీది సున్నం గీకి చూశాడు.

"కింద ఇంకా చెక్కి ఉన్నది. కడిగితే కనబడ్తది. నీళ్లు దొరుకుతయా?"

నేనే వాగుకు పోయాను. అతను పొమ్మనలేదు. నా పెరుగు కుండతో నాలుగుసార్లు నీళ్లు తెచ్చాను. ఇసుక, ఎండుగడ్డి పెట్టి చేతులు మండేదాకా రుద్దింది కూడా నేనే. పెరుగక్క మొఖం నా చేత్తో నేను కడుగుతున్నానని సంబరం. పొరలు పొరలుగా సున్నం లేచింది. ముక్కు వచ్చింది, కళ్లు వచ్చాయి, చెవులకు కమ్మలు వచ్చాయి. ఎంత చక్కని మొఖమో అనుకుంటూ పక్కకు రుద్దాను. అక్కడ ఇంకో భుజం తేలింది.

మొదట అది ఆమె రెండో చెయ్యి అనుకున్నాను. కాదు. మీసాలు తేలాయి. చేతిలో కత్తి తేలింది. ఇన్నేళ్లూ ఒంటరిగా నిలబడిందనుకున్న మనిషి పక్కన ఒక మగవాడు, ఆమె భుజానికి భుజం ఆనించి, సున్నం కింద హాయిగా ఉన్నాడు.

ఆ ఇద్దరి పాదాల కింద మట్టిలో కూరుకుపోయిన అక్షరాలు ఉన్నాయి. సర్కారు మనిషి మట్టి తీసి, తడి కాగితం రాతికి అంటించి, కుచ్చుతో తట్టి, పైన నల్లటి సిరా అద్దాడు. కాగితం ఊడదీస్తే రాయి మీదున్నదంతా దాని మీదికి వచ్చింది. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. చాలాసేపటికి చెప్పాడు.

"ఇది సతి రాయమ్మా. ఆయన ఎక్కడనో లడాయిల చచ్చిపోయిండు. ఆమె ఆయన ఎంబడి నిప్పులల్ల దుంకింది. ముత్తయిదువగ పోయిందని చెప్పటానికి గాజుల చెయ్యి చెక్కుతరు. ఆ చెయ్యి మనల్ని దీవించే చెయ్యి."

"మరి కుండ?" అన్నాను.

"కుండ లేదు. మీద సూర్యుడు, చంద్రుడు ఉండేటోళ్లు. విరిగిపోయిన్రు."

చెబుతూ చెబుతూ అతను నా చేతుల వైపు చూశాడు. ఇసుకతో ఎర్రబడిన నా ముంజేతుల మీద గాజులు లేవు. చూసి చప్పున కాగితాలు చుట్టడం మొదలుపెట్టాడు. మంచివాడే. మంచివాళ్లు అలా చూపు తిప్పుకుంటేనే ఎక్కువ నొప్పి.

"సాబూ, గీ సంగతి ఊర్ల జెప్పాల్నా?" అని అడిగాను.

"నేను చెప్పకపోయినా కనబడ్తనే ఉన్నది గదమ్మా, కడిగినంక" అన్నాడు.

అతను పోయాక పెరుగు కొలిచే ముంత అడుగున మిగిలిన పెరుగంతా చేత్తో ఊడ్చి ఆ మగమనిషి మీద పూశాను. ఎన్ని తరాల సున్నమో కడిగేసి గుప్పెడు పెరుగుతో కప్పుదామనుకున్నాను. అది ఎండాక గీతల్లో తెల్లగా నిలిచి, మీసాలు ఇంకా బాగా కనబడ్డాయి. బాట అవతల నుంచి కూడా కనబడ్డాయి. చేసిన తెలివితక్కువ పనికి నాకు ఏడుపు రాలేదు, నన్ను నేను ఒక్కటి కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున ఆరుగురూ రాయి ముందు నిలబడిపోయి ఉన్నారు. ఎవరూ వేలు ముంచలేదు. ఎవరు కడిగారు అన్నారు. నేనే అన్నాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు, తోచలేదు. ఈ మగమనిషి ఎవరు అన్నారు. సర్కారు మనిషి చెప్పినదంతా చెప్పాను, చెప్పకపోయినా ఆ రోజు మధ్యాహ్నానికి కరణం ఇంటి నుంచి ఊరంతా పాకింది. అప్పటికైతే ఆరుగురూ నా మాట విని చేతులు జోడించి దండం పెట్టుకున్నారు. పెద్దామె ముందుకు వచ్చి రాయి నోటికి పెరుగు రాసింది. మిగతావాళ్లు రాశారు. నేను కుండ దించాను.

పెద్దామె నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు, మెల్లగా.

"ఇగ నువ్వు ముట్టకు బిడ్డా. మాకేం కోపం లేదు. ఆమెకు కోపమొస్తది."

"నిన్నటిదాంక రాని కోపం గియ్యాల ఎట్లొస్తది?"

"నిన్నటిదాంక ఆమె ఎవలో మనకెర్క లేకుండె."

నేను కుండ మళ్లీ ఎత్తుకునేలోపే వాళ్లు నడక మొదలుపెట్టారు. నేను రాయాల్సిన పని లేదు కాబట్టి నా కోసం ఆగాల్సిన పనీ లేదు. ఆ రోజు ఏ కుండలోనూ పెరుగు విరగలేదు. అందరి పెరుగూ బాగా అమ్ముడుపోయింది, నాది కూడా.

తరువాత ఆ రాయికి బతుకు బాగుపడింది. కరణం ఇంటి ఆడవాళ్లు పసుపూ కుంకుమా తెచ్చారు. కొత్త పెళ్లికూతుళ్లను తీసుకొచ్చి మొక్కించారు. ఆ ఎత్తిన చేతికి ఆకుపచ్చ మట్టిగాజులు తొడగాలని చూసి, అది రాయి కాబట్టి పట్టక, దారంతో కట్టారు. కొన్నాళ్లకు సర్కారు నుంచి ఇంకొకరు వచ్చి పక్కనే ఒక గుంజ పాతి, రేకు పలక బిగించి పోయారు. దాని మీద ఉర్దూలో రాత, ఒక నంబరు. పెరుగక్క అన్న మాట అందులో లేదని కరణం చదివి చెప్పాడట. ఊళ్లో కూడా ఎవరూ ఆ పేరు అనడం లేదు. చెయ్యి దించవే అని వేళాకోళం చేసే పెద్దామె ఇప్పుడు చెప్పులు విడిచి దండం పెడుతోంది.

నేను బాటకు ఆ పక్కన నడిచేదాన్ని. నా నీడ కూడా దాని మీద పడకూడదన్నారు. పొద్దున తూర్పుకే పోతాం కాబట్టి నీడ వెనక్కి పడుతుంది, ఎంత జాగ్రత్తగా దాటినా ఒక్క క్షణం పడుతుందేమోనని ఎడం జరిగి, ముళ్లలో పడి నడిచేదాన్ని. వచ్చేటప్పుడు ఆగేదాన్ని కాదు. ఒంటరితనం అంటే ఏమిటో ఆ చలికాలంలో నాకు తెలిసింది. మా ఆయన పోయినప్పుడు కూడా అంత తెలియలేదు. అప్పుడు ఇంకా పెరుగక్క ఉంది. కోపం కూడా వచ్చేది. ఆమె మీదే వచ్చేది. నీకు మొగుడున్నాడని నాకొక్క మాట చెప్పొద్దా అని మనసులో తిట్టుకునేదాన్ని. నేను నా దుఃఖమంతా చెప్పుకున్నది మొగుణ్ణి విడవకుండా పోయిన మనిషితోనా అని సిగ్గేసేది.

ఒక సాయంత్రం పక్కింటామె వచ్చి వాకిట్లో నిలబడి మా అత్తతో అంది, "నువ్విచ్చిన కుంకుమ రాయికి వెట్టిన." నేను లోపల కుడితి గోలెం కడుగుతున్నాను. మా అత్త తన చేత్తో పెట్టకూడదు కాబట్టి ముత్తయిదువ చేత పంపింది. ఊరంతా ఆ రాయికి మొక్కినా నాకు పట్టలేదు గానీ, ఆ కుంకుమ పొట్లం మా ఇంట్లోంచి పోయిందంటే ఓర్చుకోలేక చేతిలో పీచు పడేసి లేచాను.

పక్కింటామె వెళ్లాక మా అత్త పాలు పితకడానికి కూర్చుంది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"కుంకుమ నువ్వే పంపినవా అత్తా?"

ఆమె బర్రె పొదుగు కడుగుతూ ఉంది. "పంపిన."

"ఎందుకు?"

"నా కొడుకు పేరు మీద. అసుంటి ఆడోళ్లు ఉండిరట గద ఒకప్పుడు. మొగని ఎంబడే వోయెటోళ్లు."

ఆ మాట ఎవరితో అన్నదో చెప్పలేను. బర్రెతోనా, చచ్చిన కొడుకుతోనా, నాతోనా. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు ఆ ఇంట్లో నోరెత్తని దాన్ని, ఆ సాయంత్రం గొంతు నాది కాదన్నట్టు వచ్చింది.

"మరి నేను గూడ పోవాల్నా అత్తా? సక్కగ చెప్పు. నేను ఉండుడు నీకు కష్టమైతుందా?"

పాలధార చెంబులో పడుతున్న చప్పుడు ఆగలేదు. ఆ పొదుగు పూర్తయ్యేదాకా పితికింది, చెంబు పక్కన పెట్టింది, చేతులు కొంగుకు తుడుచుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. జవాబు రాకపోతే ఆ రాత్రికే ఆ ఇల్లు విడిచి పోదామని నిశ్చయించుకున్నాను. ఎక్కడికని అడిగితే చెప్పడానికి నాకు ఒక్క ఊరు లేదు, ఒక్క గడప లేదు.

అప్పుడు నా మొఖంలోకి చూసి అంది.

"నువ్వు వోతే, పొద్దుగాల పెరుగెవలు వట్కవోతరు?"

అంతే. లేచి చెంబు నా చేతికి ఇచ్చి, రెండో బర్రె దగ్గరికి పోయింది.

ఆమె ఆ తరువాత పదేళ్లు బతికింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది నా మీద ప్రేమో, పెరుగు అమ్మే మనిషి పోతుందన్న భయమో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. నా బతుకులో నన్ను ఉండమని అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ మాటకు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. అందుకని ఇదే ఆ మాట అనుకున్నాను, పాలు లోపలికి తీసుకుపోయి తోడు పెట్టాను.